దీనికి ఓనర్ ఎవరు?

2022 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పెదనాయన నన్ను పొద్దున్నే పెన్న ఒడ్డుకి తీసుకెళ్ళాడు. మా ఊరు సోమశిల డ్యామ్‌కి దిగువన, ఆత్మకూరు వైపు. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబర్ వరదల్లో, ఆయన రెండెకరాల మాగాణి మీద ఇసుక మేట వేసింది. ఎవరి గట్టు ఎక్కడుందో తెలియడం లేదు. మోటారు షెడ్డు గోడ ఒకటి మాత్రం పక్కకి ఒరిగి నిలబడి ఉంది. పెదనాయన చెప్పుతో ఇసుకని కాస్త తవ్వి, "ఇంత లోతు ఉండాది, ఎత్తించాలంటే భూమి ఖరీదు అవతాది" అన్నాడు.

తర్వాత తను తిరిగిన ఆఫీసుల కథ చెప్పాడు. ఒకచోట పంట నష్టం సంగతి చూస్తాంగానీ భూమి సంగతి మాది కాదన్నారట. ఇంకోచోట నీళ్ళ లెక్కలే మా దగ్గరుంటాయి, డబ్బుల లెక్కలుండవన్నారట. మూడోచోట, పైనుంచి ఉత్తర్వులు రావాలన్నారట. పైన అంటే ఎక్కడో వాళ్ళూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఎవరూ కసురుకోలేదనీ, ఒకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడనీ కూడా చెప్పాడు. అంతా చెప్పి, ఆఖర్న నన్ను అడిగాడు: "నువ్వు కంప్యూటర్ల పనిలో ఉండావు గదా అబయా. ఈ యేటికి, ఆ డ్యామ్‌కి ఓనరు ఎవురు?"

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మా పనిలో ఓనర్ అన్నది రోజూ వాడే మాట. ప్రతి ప్రోగ్రాముకీ ఒక ఓనర్ ఉంటాడు. రాత్రి రెండింటికి అది ఆగిపోతే ఆ మనిషి ఫోన్ మోగుతుంది. ఓనర్ పేరు లేని ప్రోగ్రామ్‌ని అసలు వాడకంలోకి వదలనివ్వరు. అందుకని పెదనాయన ప్రశ్న నాకు చాలా మామూలుగా వినిపించింది. ఫోన్ తీసి వెతికితే దొరుకుతుందనుకున్నాను. ఆ వెతుకులాట నన్ను రాజ్యాంగ చట్టం పుస్తకాల్లోకి దింపింది. డి.డి.బసు, గ్రాన్‌విల్ ఆస్టిన్, రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు, సుప్రీంకోర్టు తీర్పులు. లా కాలేజీలో చేరలేదు. శని, ఆదివారాలు కూర్చుని చదువుకున్నానంతే. ఈ వ్యాసం చట్టం తెలిసినవాడి మాట కాదు, ఒక ప్రశ్న పట్టుకుని తిరిగినవాడి మాట.

మొదట్లో నాకు అధికారాల విభజన చాలా తేలిగ్గా అర్థమైపోయిందనుకున్నాను. శాసనసభ చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, కోర్టు తగువు తీరుస్తుంది. మేం కూడా పెద్ద ప్రోగ్రామ్‌ని చిన్న ముక్కలు చేస్తాం, ఒక ముక్కకి ఒకే పని అప్పజెప్తాం. అలా చేస్తే పని త్వరగా అవుతుంది, తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. రాజ్యాంగం రాసినవాళ్ళూ మా లాంటి ఇంజనీర్లేనని మురిసిపోయాను.

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. 1926లో అమెరికా సుప్రీంకోర్టులో మైయర్స్ కేసులో జస్టిస్ బ్రాండైస్ రాసిన అసమ్మతి తీర్పు చదివాను. అధికారాల్ని విడగొట్టింది పని చురుగ్గా జరగడానికి కాదని, ఇష్టారాజ్యం రాకుండా అడ్డుకోవడానికనీ, అందుకోసం కాస్త ఒరిపిడిని కావాలనే ఉంచారనీ దాని సారాంశం. మేం ముక్కలు చేసేది ఒరిపిడి తగ్గడానికి. వీళ్ళు చేసింది ఒరిపిడి పుట్టడానికి. ఆ ఒరిపిడిలో నలిగేది ఎవరు అన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

మన రాజ్యాంగంలో ఈ విభజన అంత కచ్చితంగా కూడా లేదు. మంత్రులు సభలోనే కూర్చుంటారు. సభ లేనప్పుడు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెస్తుంది. కె.టి.షా 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో మూడు అంగాలూ పూర్తిగా విడివిడిగా ఉండాలని సవరణ ప్రతిపాదిస్తే, సభ దాన్ని ఒప్పుకోలేదు. 50వ అధికరణం న్యాయవ్యవస్థని కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచెయ్యమని చెబుతుంది గానీ, అది ఆదేశిక సూత్రం మాత్రమే. 1955లో రామ్ జవాయా కపూర్ కేసులో సుప్రీంకోర్టు, మన దగ్గర విభజన కరుడుగట్టిన రూపంలో లేకపోయినా ఎవరి పని ఏమిటన్నది తగినంత తేటగానే ఉందని తేల్చింది. అంటే మధ్యలో ఉన్నవి ఇటుక గోడలు కావు, పొలం గట్లు. నీళ్ళు ఊరతాయి, ఎండ్రకాయలు బొరియలు పెడతాయి, ఏటేటా మట్టి వేసుకోవాలి.

మరి గట్టు తెగిందని ఎప్పుడంటాం? దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఢిల్లీది కాదు, మనదే.

జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని అమలుకి 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి చేర్చారు. లోకల్, నాన్ లోకల్ మాటలకి మూలం ఇదే కాబట్టి ఉద్యోగ ప్రకటన చదివిన ప్రతి తెలుగువాడికీ దీని సంగతి ఎంతో కొంత తెలుసు. ఇందులోనే ప్రభుత్వోద్యోగుల సర్వీసు తగాదాల కోసం ఒక పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పాటుంది. ఐదో క్లాజు సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే, రాష్ట్ర ప్రభుత్వం ఖాయం చేశాక గానీ, మూడు నెలలు గడిచాక గానీ అది అమల్లోకి వస్తుంది. ఈలోపు ప్రభుత్వం కారణాలు రాసి ఆ తీర్పుని మార్చవచ్చు, ఏకంగా రద్దు కూడా చెయ్యవచ్చు.

ఆ ట్రిబ్యునల్‌కి వెళ్ళేవాడు ఎవరి మీద వెళతాడు? ప్రభుత్వం మీదే. ఓడిపోయిన పక్షం చేతికే తీర్పుని చింపేసే హక్కు ఇచ్చారన్నమాట. పి.సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజుని కొట్టేసింది. 1987 సంవత్సరపు లా రిపోర్టుల్లో ఉంటుందది, జస్టిస్ భగవతి రాశారు. ప్రతి కేసులోనూ ప్రభుత్వమే ప్రతివాది అయినప్పుడు, తనకి వ్యతిరేకంగా వచ్చిన తీర్పుని తనే రద్దు చేసుకోగలిగితే ఇక చట్టబద్ధ పాలన అన్న మాటకి అర్థమేముంటుందని ఆయన వాదన. రాజ్యాంగ సవరణతో వచ్చిన క్లాజు అయినా సరే, మౌలిక స్వరూపాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి చెల్లదు.

ఈ తీర్పు చదివిన రోజు నాకు మా ఊరి కాటా గుర్తొచ్చింది. ధాన్యం కొనేవాడే కాటా తెచ్చి, తనే తూకం వేసి, తనే పుస్తకంలో రాసుకుంటే ఆ పుస్తకంలో అంకె నిజమే అయినా రైతుకి నమ్మకం ఉండదు. మౌలిక స్వరూపం, చట్టబద్ధ పాలన అన్న పెద్ద మాటల అడుగున ఉన్నది ఈ చిన్న విషయమే. ఎవడి తూకం వాడే వేసుకోకూడదు.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. తీర్పు నాకు నచ్చినప్పుడు గట్టు ఎవరు దాటారో నాకు కనిపించదు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజధాని కేసులో తీర్పిచ్చింది. రాజధానిని మార్చే శాసనాధికారం రాష్ట్ర శాసనసభకి లేదంది. అమరావతిలో పనులు ఇన్ని నెలల్లో పూర్తి చెయ్యాలని గడువులు కూడా పెట్టింది. భూములిచ్చిన రైతుల ముఖాలు టీవీలో చూసి నేను సంతోషించినవాణ్ణే. అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇస్తూ, ఊళ్ళు కట్టే ప్లానర్ల పని కోర్టు చెయ్యగలదా అన్న అర్థంలో ప్రశ్నలు వేసింది. నాకు ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే ఆ ప్రశ్న సరైనదే. రైతుకి ఇచ్చిన మాట నిలబెట్టాలనడం ఒక పని. ఏ రోడ్డు ఎన్ని రోజుల్లో వెయ్యాలో చెప్పడం ఇంకో పని. మొదటిదాని మీద నాకున్న ఇష్టం రెండోదాన్ని చూడనివ్వలేదు. విభజనని నమ్ముతానని చెప్పుకునేవాడు, తనవాళ్ళు గట్టు దాటినప్పుడు ఏమన్నాడో గుర్తు చేసుకోవాలి.

ఇక సమాఖ్య సంగతి. నేను ఉండే బెంగళూరుకి దగ్గర్లోనే నందికొండల్లో పెన్న పుడుతుంది. కర్ణాటకలో పుట్టి, అనంతపురం, కడప దాటి, సోమశిల దగ్గర కొండల్లోంచి బయటపడి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఏడో షెడ్యూలులో నీళ్ళు రాష్ట్రాల జాబితాలో, 17వ అంశంగా ఉన్నాయి. కానీ ఆ అంశం మొదట్నుంచీ కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి ఉంటుంది. ప్రజాప్రయోజనం కోసమని పార్లమెంటు చట్టం చేస్తే, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్రం చేతికి వెళుతుంది. తగాదా వస్తే సుప్రీంకోర్టుకి కూడా వెళ్ళకుండా, 262వ అధికరణం కింద ట్రిబ్యునల్‌కి పంపే చట్టం 1956లోనే వచ్చింది. ఒకే నీటి మీద ఇన్ని చేతులున్నాయి.

సోమశిల జలాశయంలో పెన్న నీళ్ళే కాదు, కృష్ణ నీళ్ళు కూడా ఉంటాయి. చిన్నప్పుడు ఇది నాకు వింతగా ఉండేది. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం మీదుగా తెలుగుగంగ నీళ్ళు సోమశిలకి వస్తాయి. అక్కణ్ణుంచి కండలేరుకి, కండలేరు నుంచి తమిళనాడులోని పూండికి, చివరికి చెన్నై కుళాయిల్లోకి వెళతాయి. చెన్నై కృష్ణా పరీవాహకంలో లేదు. బచావత్ ట్రిబ్యునల్ పంపకాల్లో దానికి వాటా లేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు తమ వాటాల్లోంచి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారిలో పోయే మూడు పోగా 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దుకి చేరాలి. ఏ కోర్టూ ఇవ్వమనలేదు. సమాఖ్య స్ఫూర్తి అంటే ఇదే కదా అని నేను చాలామందికి గొప్పగా చెప్పాను.

తర్వాత తేదీలు చూశాను. ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ మధ్యలో. అప్పటికి తమిళనాడులో ఎన్నికైన ప్రభుత్వం లేదు, జనవరి 31న రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టారు. సమాఖ్యకి నేను చూపించే అందమైన ఉదాహరణ, సమాఖ్య ఊపిరి బిగబట్టుకుని ఉన్న రోజుల్లో పుట్టింది.

మా ఆఫీసులో ఒక స్నేహితుడికి ఈ సంగతి చెబితే ఎగిరి గంతేశాడు. "చూశావా, ఒక్కడి చేతిలో పవర్ ఉంటేనే పనులవుతాయి" అన్నాడు. నాక్కూడా ఒక రెండు రోజులు అలాగే అనిపించింది. కానీ ఆ కథలో ఆ తర్వాతి భాగం ఉంది. ఎమర్జెన్సీ పోయాక 1977 అక్టోబర్‌లో మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఇంకో ఒప్పందం జరిగితే గానీ కాలువ పని కదల్లేదు. అప్పటికి పథకం రూపమే మారింది. మద్రాసుకి తాగునీటితో పాటు, దారిలో ఉన్న కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో దాదాపు 5.75 లక్షల ఎకరాలకి సాగునీరు అందులో చేరింది. ఎందుకు చేరింది? హైదరాబాద్‌లో కూర్చున్న ముఖ్యమంత్రికి ఆ దారిపొడుగునా ఓటర్లున్నారు. మా గడప ముందు నుంచి నీళ్ళు తీసుకుపోతూ మాకు చుక్క ఇవ్వకపోతే ఎలా అని అడిగేవాళ్ళున్నారు. నీళ్ళు పూండికి చేరేసరికి 1996 అయింది. సంతకానికీ నీళ్ళకీ మధ్య ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో కొంత వట్టి జాప్యమే, కాదనను. కానీ దారిలో ఉన్నవాళ్ళు లెక్కలోకి వచ్చింది కూడా ఆ జాప్యంలోనే.

అందరూ వచ్చారా? రాలేదు. మా అమ్మది డ్యామ్‌కి ఎగువన కడప జిల్లా, అట్లూరు వైపు. సోమశిల పని 1975లో మొదలై 1989కి పూర్తయింది. 78 టీఎంసీల నీళ్ళు నిలబడే చోట మా అవ్వ వాళ్ళ ఊరుంది. భూసేకరణకి అప్పుడున్నది 1894 నాటి చట్టం. భూమి కావాలనేది ప్రభుత్వం, అది ప్రజాప్రయోజనమేనని తేల్చేది ప్రభుత్వం, వెల కట్టేది ప్రభుత్వం నియమించిన అధికారి. రేటు నచ్చకపోతే కోర్టుకి పంపమని అడిగే హక్కు 18వ సెక్షన్‌లో ఉంది గానీ, దానికి గడువుంది, కాగితాలు కావాలి, వకీలు కావాలి. అవ్వకి ఇవేవీ లేవు. కొంత భూమి కాగితాల్లోనే లేదు. కాటా వాళ్ళది, పుస్తకమూ వాళ్ళదే.

అవ్వ ఈ సంగతి ఎప్పుడూ కోపంగా చెప్పలేదు. నీళ్ళు తగ్గిన ఏడాది ఎండాకాలంలో వాళ్ళ ఊరి రచ్చబండ రాళ్ళు బయటపడతాయని, అప్పుడొకసారి వెళ్ళి చూసొచ్చానని చెప్పేది. నేను అధికార విభజన గురించి ఎంత చదివినా, ఆమె కేసులో అది ఎక్కడ పనిచేసిందో చూపించలేను. పుస్తకంలో మూడు అంగాలున్నాయి. ఆమె దగ్గరికి వచ్చింది ఒకే మనిషి, ఒకే నోటీసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా పెద్దక్కని ఇచ్చింది ఉదయగిరి మెట్టలో. వాళ్ళ ఊళ్ళో బోర్లు ఎండిన ఏడాది ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టుకుంటారు. సోమశిల నీళ్ళు మద్రాసు దాకా వెళతాయి, మాకు మాత్రం ఎత్తు ఎక్కవంటాడు మా బావ. ఎత్తిపోతల కాలువ గురించి ఎన్ని ఎన్నికల్లో విన్నాడో కూడా చెబుతాడు. కేంద్రం రాష్ట్రాల హక్కులు లాక్కుంటోందని మనం గట్టిగా అంటాం, అనాలి కూడా. కానీ 73వ సవరణ పదకొండో షెడ్యూలులో పంచాయతీలకి ఇవ్వదగ్గవని రాసిన 29 అంశాల్లో తాగునీరుంది, చిన్న నీటిపారుదల ఉంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం రాష్ట్రం ఇష్టం. ఢిల్లీ ముందు సమాఖ్య గురించి మాట్లాడిన నోరే ఊరి సర్పంచ్ ముందు వేరే మాట మాట్లాడుతుంది.

ఇప్పుడు పెదనాయన ప్రశ్న దగ్గరికొస్తాను. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకి కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళు నీళ్ళపాలయ్యాయి, ప్రాణాలు పోయాయి. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, ఆ కలిసిన నీళ్ళు సోమశిలకి వస్తాయి. పదమూడు రోజుల తర్వాత, డిసెంబర్ 2న, రాజ్యసభ డ్యామ్ భద్రతా బిల్లుని ఆమోదించింది. లోక్‌సభ 2019లోనే ఆమోదించింది. ఆ నెలాఖరుకి చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం మీద పోట్లాట అంతా సమాఖ్య గురించే. నీళ్ళు రాష్ట్రాల అంశం, డ్యాములు రాష్ట్రాలవి, కేంద్రానికేం పని అని తమిళనాడు లాంటి రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. ఇందులో తెలుగువాళ్ళకి గుర్తులేని ఒక ముక్క ఉంది. డ్యాముల భద్రత మీద చట్టం చెయ్యమని పార్లమెంటుని మొట్టమొదట కోరిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 252వ అధికరణం ప్రకారం రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ రాష్ట్రాల సభలు తీర్మానం చేస్తే, రాష్ట్ర జాబితాలోని విషయం మీద పార్లమెంటు ఆ రాష్ట్రాల కోసం చట్టం చెయ్యవచ్చు. ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ 2007లో అలా తీర్మానించాయి. 2010లో బిల్లు వచ్చింది, ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 2019లో వచ్చిన బిల్లు అడిగినవాళ్ళకే పరిమితం కాలేదు. 56వ అంశాన్నీ, మిగులు అధికారాల 97వ అంశాన్నీ ఆధారం చేసుకుని అన్ని రాష్ట్రాలకీ వర్తించింది. మొదటిది తలుపు తట్టి వచ్చిన చుట్టం, రెండోది తలుపు తోసుకుని వచ్చిన చుట్టం.

చెయ్యేరునే తీసుకోండి. ఆంధ్రలోనే పుట్టి ఆంధ్రలోనే పెన్నలో కలుస్తుంది. పెన్న మాత్రం కర్ణాటకలో పుడుతుంది. చెయ్యేరు రాష్ట్రం నదా, అంతర్రాష్ట్ర నదిలో భాగమా? వకీళ్ళు దీనిమీద రోజులు వాదించగలరు. నేనూ కొన్నాళ్ళు సరదాగా వాదించుకున్నాను. ఆ ఊళ్ళలో ఇల్లు పోయినవాడికి ఈ ప్రశ్న ఎలా వినబడుతుందో ఆలోచించాక ఆ సరదా పోయింది.

అయితే ఆ చట్టంలో నాకు కావలసిన మాట దొరికింది. నిర్వచనాల సెక్షన్‌లో డ్యామ్ "ఓనర్" ఎవరో రాసి ఉంది. డ్యామ్‌ని సొంతంగా కలిగి ఉన్న, నడిపే, నిర్వహించే ప్రభుత్వం గానీ సంస్థ గానీ. సోమశిలకి ఓనర్ రాష్ట్ర ప్రభుత్వం. పెదనాయన వాడిన మాటే చట్టంలో ఉన్నందుకు నాకు చెప్పలేనంత సంబరం కలిగింది. ఆ ఓనర్ అత్యవసర ప్రణాళిక తయారు చెయ్యాలి, దిగువ ఊళ్ళకి హెచ్చరిక వెళ్ళే ఏర్పాటు చెయ్యాలి. కానీ ఆ డ్యామ్‌ని తనిఖీ చెయ్యాల్సిన రాష్ట్ర స్థాయి సంస్థని నెలకొల్పేది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. పైన జాతీయ ప్రాధికార సంస్థ ఉంది నిజమే, కానీ దగ్గరి కాటా మళ్ళీ ఇంటిదే. దిగువన నష్టపోయినవాడి పరిహారం గురించి ఆ చట్టం మాట్లాడదు.

ఫోన్ చేసి పెదనాయనకి చెప్పాను. ఓనర్ రాష్ట్ర ప్రభుత్వమేనని, చట్టంలో రాసుందని. ఆయన కాసేపు ఊరుకుని, "సరే అబయా, ఆయన సరిగ్గా చూసుకుంటుండాడా లేదా అని చూసేదెవురు?" అన్నాడు. నేను రెండేళ్ళు చదివి వచ్చిన చోటికి ఆయన ఒక్క నిమిషంలో వచ్చేశాడు.

ఇన్నాళ్ళ చదువు తర్వాత నాకు మిగిలిన ఆలోచన ఇది. అధికారాన్ని పంచడం మంచిదే. ఒక్కడి చేతిలో అంతా ఉంటే ఏమవుతుందో మా అవ్వ కథ చెబుతుంది. ఆమెకి అన్యాయం చేసింది విభజన కాదు, విభజన లేకపోవడం. కానీ పెదనాయనకి జరిగింది దానికి తలకిందుల అన్యాయం. అక్కడ అధికారం ముక్కలుగానే ఉంది, ఆ ముక్కల మధ్య ఎండలో తిరిగింది ఆయన. పంచుకున్నవాళ్ళు ఎవరి కుర్చీల్లో వాళ్ళున్నారు. నా ఉద్దేశంలో ఒక విభజన న్యాయమైనదా కాదా అని తేల్చడానికి అడగాల్సిన ప్రశ్న ఎన్ని ముక్కలయ్యాయని కాదు. ఆ ముక్కల మధ్య నడవాల్సింది ఎవరని. సాంబమూర్తి తీర్పు తర్వాత నడవాల్సింది ప్రభుత్వం: తీర్పు నచ్చకపోతే అందరిలాగే పైకోర్టు మెట్లెక్కాలి. తెలుగుగంగలో రాష్ట్రాలు ఒకరి దగ్గరికి ఒకరు నడిచాయి. మా ఊళ్ళో మాత్రం రెండెకరాల రైతు నడిచాడు.

ఇలా ఆలోచిస్తుంటే, 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న ఉపసెక్షన్ కనిపించింది. 6(3). మీరు అడిగిన సమాచారం ఆ ఆఫీసులో లేకపోతే, మాది కాదు పొమ్మనడానికి వీల్లేదు. ఎవరి దగ్గరుందో వాళ్ళకి ఆ దరఖాస్తుని వాళ్ళే, ఐదు రోజుల్లోపల బదిలీ చేసి, ఆ మాట మీకు తెలపాలి. అంటే ఆఫీసులు ఎన్నైనా ఉండనీ, సరైన తలుపు వెతికే పని అడిగినవాడిది కాదు. ఆచరణలో ఎంత జరుగుతుందన్నది వేరే సంగతి. కానీ రాసినవాళ్ళెవరో పెదనాయన లాంటి మనిషిని ఎరిగినవాళ్ళే అయ్యుంటారని నాకనిపించింది. పొలం మీద ఇసుకకి, గోడ కూలిన మోటారు షెడ్డుకి కూడా ఇలాంటి ఒక 6(3) ఎందుకు ఉండకూడదు?

మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చుని దరఖాస్తు రాశాం. డ్యామ్‌కి అత్యవసర ప్రణాళిక తయారైందా, అందులో మా ఊరి పేరుందా, నీళ్ళు వదిలే ముందు ఊళ్ళో ఎవరికి కబురు వస్తుంది. మూడే ప్రశ్నలు. పైన ఏ ఆఫీసు పేరు రాయాలన్న దగ్గర ఆయన అలవాటుగా ఆగిపోయాడు. ఏదో ఒకటి రాయి పెదనాయనా, తప్పయితే వాళ్ళే పంపించుకోవాలి, చట్టంలో ఉంది అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని నా వంక అనుమానంగా చూశాడు. "నిజంగా అట్టా రాసుండాదా?" అని అడిగి, తనకి అన్నిటికంటే దగ్గర్లో ఉన్న ఆఫీసు పేరు రాశాడు.